గేటు మీటింగులో గర్భసంచి

మా అమ్మ మాకు స్నానం చేయించేదని చెబితే అది అబద్ధం. తోమేది. గిన్నెలు తోమే కొబ్బరి పీచుతోనే మమ్మల్నీ తోమేది. గోదావరిఖనిలో మా క్వార్టరు ముందు తెల్ల చీర ఆరేస్తే సాయంత్రానికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. నాన్న బావిలో బొగ్గు నింపేవాడు. మా దగ్గర గనిని బావి అంటారు. ఆయన ఇంటికి వచ్చేసరికి కళ్ళూ పళ్ళూ తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. బొగ్గును పాలతో కడిగినా నలుపు పోదని సామెత. ఆ సామెత ఎవరైనా అంటే అమ్మకు తననే తిట్టినట్టుండేది. పోదా, ఎందుకు పోదో చూస్తానన్నట్టు పీచు పట్టుకొని మా మీద పడేది. మెడ వెనక చర్మం లేచి నెత్తురు చిమ్మేది. ఏడిస్తే వీపు మీద ఒకటి అదనం.

ఈ యుద్ధం చర్మం దగ్గర ఆగి ఉంటే నేనిప్పుడు ఇదంతా రాసేదాన్ని కాదు. అక్క పెద్దమనిషి అయ్యాక అమ్మ ఆమెకు లోపల కూడా కడుక్కోవడం నేర్పింది. పటిక కరిగించిన గోరువెచ్చని నీళ్ళతో, నెల నెలా ముట్టు ఆగిన రోజున. మా వాడలో చాలా ఇళ్ళలో ఇది మామూలే. ముగ్గు వేయడం నేర్పినట్టే తల్లులు కూతుళ్ళకు ఇదీ నేర్పేవాళ్ళు. నేను మొండిదాన్ని. బాత్రూంలోకి వెళ్ళి ఆ నీళ్ళు నేల మీద గుమ్మరించి, చప్పుడు చేసి బయటికి వచ్చేదాన్ని. అక్క చెప్పిన మాట వినే పిల్ల.

ఆ మాట వినే పిల్లను ఓపెన్‌కాస్టులో పనిచేసే మనిషికిచ్చి పెళ్ళి చేశారు. ఓపెన్‌కాస్టు అంటే భూమిని పైనుంచి తవ్వుకుంటూ పోయే గని. బావది బ్లాస్టింగు సెక్షన్. రాతికి రంధ్రాలు వేసి మందు కూరి పేల్చడం పని. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, కాసేపటికి నేల అదురుతుంది, అల్మారాలో గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, గోడలో పాత పగులు ఇంకాస్త కిందికి దిగుతుంది. అక్క కాపురమున్న కమాన్‌పూర్ వైపు జనమంతా దానికి అలవాటు పడిపోయారు. బావ ఆ పనిని ఇంటికి కూడా తెచ్చుకునేవాడు, కాకపోతే ఇంట్లో పేలే ముందు సైరన్ ఉండదు. కూరలో ఉప్పు తగ్గినా చాలు, చొక్కాకు గుండీ ఊడినా చాలు. ఒకసారి తల పట్టుకొని గోడకేసి కొడితే అక్కకు ఎడమ చెవి చాలా కాలం సరిగ్గా వినపడలేదు.

పిల్లలు కాలేదు. అది ఆమె తప్పని తేల్చింది బావ వాళ్ళ అక్క. నాకూ, అక్కకూ వదినె. పక్క క్వార్టర్ల లైనులోనే ఉండేది. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా ఆమె ముందు చేరేది, అందరికంటే ముందు నోరు చేసేది. "సంచి సాఫ్ లేదు, అందుకే నిలుస్తలేదు" అని నలుగురిలో అనేది. అక్క ఆ మాట మనసుకు పట్టించుకుంది. పటిక చాలదనుకొని గాయాలకు వాడే మందు మొదలుపెట్టింది. నీళ్ళలో పోస్తే తెల్లగా విరిగే మందు ఉంటుంది కదా, అది. అంతకు ముందు నెలకోసారి కడుక్కునేది, తర్వాత రోజూ. పిల్లల మీద ఆశ పోయాక కూడా అలవాటు పోలేదు. నేను నస్పూర్‌లో కాపురం పెట్టాను. గోదావరికి ఆ ఒడ్డు. నా భర్త పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. ల్యాంపు రూములో కార్మికుల టోపీ లైట్లు ఛార్జింగు పెట్టి, షిఫ్టుకు దిగేవాళ్ళ చేతికివ్వడం నా పని. అక్క ఏం చేసుకుంటుందో చూడ్డానికి నేను దగ్గర లేను.

అక్కకు ముట్లు ఆగిపోయి కొన్నేళ్ళయింది. రెండేళ్ళ కింద ఎండాకాలంలో మళ్ళీ నెత్తురు కనపడింది. ఎవరికీ చెప్పలేదు. బొగ్గు ఊళ్ళో పుట్టిన ఆడది ఏ తప్పు చేస్తుందో అదే చేసింది. మరక కనపడింది కాబట్టి కడిగింది. మరక ఎక్కడి నుంచి వస్తుందని అడగడం మాకు ఎవరూ నేర్పలేదు. వచ్చే దుమ్ము ఎప్పుడూ బయటి నుంచే వస్తుందనుకొని బతికినవాళ్ళం మేము.

దసరాకు వెళ్ళినప్పుడు నాకు తెలిసింది. దండెం మీద చీరల కింద దాచి ఆరేసిన పాత గుడ్డలు చూశాను. ఆ వయసులో ఆ ఇంట్లో ఆ గుడ్డల అవసరం ఎవరికుంది? బాత్రూంలో మందు సీసాలు వరసగా ఉన్నాయి. అక్క మొహం పాలిపోయి ఉంది, నడుము కింద పెద్ద కమిలిన మచ్చ.

"ఇదేందే?" అన్నాను.

"వాసన వస్తున్నదని తన్నిండు," అంది అక్క, కూరగాయలు తరుగుతూనే. "ఆయన తప్పు లేదు. నిజంగనే వస్తాంది."

"నెత్తురు ఎప్పటిసంది?"

"ఎండకాలం సంది. ఎవ్వరికి చెప్పకే. సిగ్గు పోతది."

నేను కత్తి లాక్కొని గోడకేసి విసిరాను. అక్క మీద కాదు. అయినా ఆమె చేతులు తల మీద అడ్డం పెట్టుకుంది. ఎవరు చెయ్యి ఎత్తినా ఆ చేతులు అలాగే లేస్తాయి. ఆ క్షణంలో నాకు ఒక్కటే పట్టుకుంది, దీన్ని బతికించుకోవాలి. అమ్మా నాన్నా లేరు, నా భర్త లేడు, నాకు మిగిలింది ఇదొక్కటే.

మర్నాడే కంపెనీ దవాఖానకు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉంటోంది. అక్క బట్ట పైకెత్తి ఆ మచ్చ చూసింది. లోపల కూడా చూసి, "ఏం పోస్తున్నారమ్మా ఇక్కడ?" అని అడిగింది. అక్క చెప్పింది. డాక్టరమ్మ కుర్చీలో కూర్చొని కళ్ళద్దాలు తుడుచుకుంది.

"పాలల్లో తోడు వేస్తే పెరుగవుతుంది కదా," అంది. "ఆ తోడులో ఉండే సూక్ష్మజీవుల చుట్టాలే ఆడవాళ్ళ లోపల కూడా ఉంటాయి. బాక్టీరియా అంటాం. అవి లోపల పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు ఉన్నంత కాలం చెడ్డవి చేరవు. వయసు మళ్ళాక ఎలాగూ అవి తగ్గుతాయి. మీరు రోజూ మందు పోసి ఉన్నవాటిని కూడా చంపారు. ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు వచ్చి చేరారు. వాసన అందుకే."

"మరి నెత్తురు?" అన్నాను.

"అది వేరే మాట. దానికే నాకు భయం. ముట్లు ఆగాక ఒక్క చుక్క కనపడినా ఆ వారమే రావాలి. ఈవిడ నెలల తరబడి కడుక్కుంటూ కూర్చుంది."

స్కానింగులో గర్భసంచి లోపలి పొర ఉండాల్సిన దానికంటే చాలా మందంగా ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. అక్క లావు, షుగరు, పిల్లలు లేకపోవడం, ఇవన్నీ ఈ జబ్బుకు దారులేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఏ జబ్బు అని నేను అడగలేదు. తెలిసిపోయింది.

ఫలితం వచ్చిన రోజు బావను కూడా పిలిచారు. కాన్సర్ అని చెబితే అతను కదల్లేదు. దాని పక్కనే, లోపల చెడ్డ బాక్టీరియా కూడా బాగా ఉంది, మందులిస్తున్నాను అని డాక్టరమ్మ అంది. బావ ముందుకు వంగాడు.

"అంటే పురుగులా మేడం? గవి ఎక్కడికెల్లి వచ్చినయి?"

ఆమె ఓపిగ్గా చెప్పింది. ఇది మగవాళ్ళ నుంచి అంటుకునే రోగం కాదు, బయటి నుంచి ఎవరూ తేలేదు, ఇవి మనిషితోనే ఉంటాయి, తూకం తప్పింది అంతే అని. బావ తల ఊపాడు. అతని మొహం చూస్తే నాకు అర్థమైంది, పురుగులు అన్న మాట దగ్గరే అతని చెవులు మూసుకుపోయాయి. కాన్సర్ అతనికి వినపడలేదు, పురుగులు వినపడ్డాయి.

ఆ సాయంత్రం వదినె ఇంట్లోకి వచ్చి కాళ్ళు చాపుకొని కూర్చుంది. "మొగనికి లేని పురుగు పెండ్లానికి ఎట్ల వచ్చింది? చెప్పుమను" అంది. అంత చిన్న మాట. దానితో ఆ ఇల్లు లేచింది. బావ బెల్టు తీశాడు. నేను అడ్డం వెళ్తే వదినె నా జుట్టు పట్టుకొని వెనక్కి గుంజింది. నేను ఆమె చెయ్యి కొరికాను. నా నోట్లో ఆమె నెత్తురు రుచి తగిలింది, అయినా వదల్లేదు. బెల్టు అక్క వీపు మీద పడుతున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉంది, అక్క గొంతు మాత్రం వినపడలేదు. పక్కింటి మెకానిక్ భార్య, ముస్లింల ఆమె, పరుగున వచ్చి అరిచాక గానీ బావ చెయ్యి ఆగలేదు.

అక్కను హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపాలి. మా దగ్గర భార్య వైద్యం మొగుడి కంపెనీ ఉద్యోగం మీద నడుస్తుంది, అతను వచ్చి సంతకం పెట్టాలి. బావ పెట్టనన్నాడు. "నా పేరు మీద దాన్ని పట్నం పంపి, నేను నవ్వులపాలు గావాల్నా?" అన్నాడు. అక్కను నాతో నస్పూర్ తీసుకుపోతానంటే అక్క రాలేదు. నేను మర్నాడు డ్యూటీకి వెళ్ళాల్సి వచ్చింది. ఆమెను ఆ ఇంట్లో వదిలి బస్సెక్కాను.

డ్యూటీలో ఉండగా మెకానిక్ భార్య ఫోన్ చేసింది. "జల్ది రా అక్క! మీ అక్క బాత్‌రూంల తలుపు ఏసుకున్నది. ఫినాయిల్ వాసన వస్తున్నది. పిలిస్తే పలుకుతలేదు!"

ఎవరి బండి మీద వెళ్ళానో గుర్తు లేదు. గోదావరి వంతెన ఎప్పుడు దాటానో గుర్తు లేదు. బాత్రూం తలుపును కాలితో తన్నాను. గడియ ఊడలేదు. మళ్ళీ తన్నాను. అప్పుడే గనిలో పేల్చారు, గోడలు అదిరాయి, ఆ అదురుకో నా తన్నుకో తలుపు లోపలికి పడింది. అక్క నేల మీద కూర్చొని ఉంది. చేతిలో మగ్గు, మగ్గులో తెల్లటి నీళ్ళు, గది నిండా కళ్ళు మండే వాసన. మొదటి మగ్గు అప్పటికే అయిపోయింది. తొడల లోపలి వైపు చర్మం ఎర్రగా ఉబ్బింది. పళ్ళు బిగబట్టి రెండోది పోసుకోబోతోంది.

కొట్టాను. అక్కను నా చేత్తో చెంప మీద కొట్టాను. మగ్గు ఎగిరి గోడకు తగిలింది. బకెట్లకు బకెట్లు మంచినీళ్ళు ఆమె మీద గుమ్మరించాను, తిడుతూనే ఉన్నాను, నోటికి వచ్చిన బూతు ఒక్కటి వదల్లేదు. ఆమె వణుకుతూ నా కాళ్ళు పట్టుకుంది.

"పురుగులు సచ్చిపోతే సంతకం పెడ్తా అన్నడే," అంది. "గందుకే."

నేను కూడా ఆ తడి నేల మీదే కూర్చుండిపోయాను. అంత ఏడుపు మళ్ళీ ఆమె చచ్చిపోయిన రోజు కూడా ఏడవలేదు.

మా బొగ్గు గనుల దగ్గర గేటు మీటింగు అని ఒకటుంది. షిఫ్టు మారే వేళకు యూనియన్ వాళ్ళు గని గేటు ముందు చిన్న వేదిక వేసి మైకు పెడతారు. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ టిఫిన్ డబ్బాలు పట్టుకొని నిలబడి వింటారు. బోనస్, ప్రమోషన్లు, క్యాంటీన్‌లో పురుగుల బియ్యం, ఏదున్నా అక్కడే తేలాలి. గేటు దగ్గర నలుగురి ముందు అన్న మాట ఈ ఊళ్ళో కోర్టు మాట కంటే గట్టిది. ఆఫీసర్లు కూడా భయపడతారు. అక్కడ ఇంటి సంగతులు ఎవరూ మాట్లాడరు. ఆడదాని ఒంటి సంగతి అసలే మాట్లాడరు.

మరుసటి రోజు పొద్దున షిఫ్టుకు నేను బావ పనిచేసే గని గేటు దగ్గరికి వెళ్ళాను. నాయకుడొకాయన బోనస్ గురించి గొంతు చించుకుంటున్నాడు. నేను వేదిక ఎక్కి ఆయన చేతిలోంచి మైకు గుంజుకున్నాను. "ఏందక్క, ఏందిది?" అని ఆయన వెనక్కి తగ్గాడు. జనం వైపు తిరిగాను.

"అన్నలారా, నేను బోనస్ అడుగనీకి రాలే," అన్నాను. "మా అక్క గర్భసంచిల కాన్సర్ పుట్టింది. ఎండకాలం సంది నెత్తురు పోతాంది. మొగనికి భయపడి చెప్పుకోలే. కడుక్కున్నది. ఇప్పుడు పెద్ద దవాఖానకు పోవాలె. ఆమె మొగడు మీ మధ్యలనే ఉన్నడు. సంతకం పెట్టడట. లోపల పురుగులున్నయి, ఎవని దగ్గర తెచ్చుకున్నదో అంటున్నడు. నిన్న ఆమె ఫినాయిల్ పోసుకున్నది. ఆ పురుగులు మనందరి ఒంట్ల ఉంటయి, డాక్టరమ్మ చెప్పింది. మీ పెండ్లాలల్ల ఉంటయి, మీ తల్లులల్ల ఉన్నయి. వాటితోనే మీరు పుట్టిండ్రు!"

ఎవరో ఒకడు నవ్వాడు. ఇద్దరు ముగ్గురు సిగ్గుతో తల తిప్పుకున్నారు. జనం లోంచి బావ తోసుకుంటూ వచ్చాడు. వేదిక ఎక్కి అందరి ముందు నా చెంప పగలగొట్టాడు. నా చేతిలో మైకు ఉంది. ఆ మైకుతోనే అతని మూతి మీద కొట్టాను. స్పీకర్లలో ఆ దెబ్బ పటేల్మని మోగి గేటు లోపలి దాకా వినపడింది. అతని పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీద కారింది. ఇంకోటి వేద్దామని చెయ్యెత్తాను, నాయకుడు నా రెక్క పట్టుకున్నాడు.

రిటైర్మెంటుకు దగ్గర పడ్డ పెద్దాయన, అందరూ కాక అని పిలిచే ఆయన, ముందుకొచ్చాడు. బావను మీది నుంచి కింది దాకా చూశాడు.

"సంతకం పెడ్తవా, పెట్టవా? గది చెప్పు."

బావ పెదవి తుడుచుకుంటూ, "మా ఇంటి ముచ్చట కాక" అన్నాడు.

"గేటు కాడికి వచ్చినంక ఇంటి ముచ్చట ఎట్లయితది?" అన్నాడు కాక. "ఇయ్యాల నువ్వు బావిల దిగవు. మేం దిగనియ్యం. ముందు దవాఖానకు నడువు."

నలుగురు కలిసి అతన్ని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకొని తీసుకెళ్ళారు. చిట్లిన పెదవితో, నెత్తుటి చొక్కాతో అతను సంతకం పెట్టాడు. డాక్టరమ్మ అతని మూతికి దూది ఇచ్చింది, ఏమైందని అడగలేదు. నాకు మనసులో పండగయింది. ఎవరేమనుకున్నా సరే, ఆ దెబ్బ తలచుకుంటే నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

ఫినాయిల్ పుళ్ళు మానేదాకా ఆపరేషన్ ఆగింది. హైదరాబాద్‌లో అక్క గర్భసంచి తీసేశారు. జబ్బు గోడ దాటి లోపలి గ్రంథుల దాకా పాకిందని తేలింది. అక్కడి పెద్ద డాక్టరు, నెమ్మదిగా మాట్లాడే మనిషి, తీసిన దాంట్లోంచి చిన్న నమూనా పరిశోధనకు ఇస్తారా అని అక్కను అడిగింది. ఈ జబ్బు ఉన్న ఆడవాళ్ళ గర్భసంచిలో ఏ బాక్టీరియా ఉంటుంది, లేనివాళ్ళలో ఏది ఉంటుంది అని చూస్తున్నారట. అక్క సరేనంది. నేను ఆ డాక్టరును వరండాలో పట్టుకున్నాను.

"కడగడం వల్లే వచ్చిందా మేడం? నిజం చెప్పండి."

"చెప్పలేనమ్మా," అందామె. "కొన్ని రకాల బాక్టీరియా ఈ జబ్బు ఉన్నచోట ఎక్కువగా కనపడుతోంది. అవి జబ్బు తెచ్చాయా, జబ్బు వచ్చాక అక్కడ చేరాయా, ఇంకా తేలలేదు. అలా కడగడం మంచిది కాదు, అది మాత్రం ఖాయం. మీ అక్క బరువు, షుగరు కూడా ఉన్నాయి. ఒక్కదాని మీద తోసెయ్యలేను."

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆమె అవునని ఉంటే నేను చచ్చిపోయిన మా అమ్మను తిట్టుకునేదాన్ని, వదినె ఇంటికి వెళ్ళి ఆమె నాలుక కోసేదాన్ని. పగ పట్టడానికి కూడా ఆ డాక్టరు నాకేమీ ఇవ్వలేదు. నిజం అంత ఉత్త చేతులతో వస్తుందని నాకు తెలీదు.

బావ ఆపరేషన్ అయ్యాక వచ్చాడు. మంచం పక్కన నిలబడి, నన్ను చూసి అడిగాడు, అక్కను కాదు. "డాక్టర్ ఏమన్నది? పురుగులతోనే వచ్చిందట కదా?" అతని గొంతులో ఎంత ఆశ ఉందో! పురుగులే అని ఎవరైనా అంటే అతను ఇంటికి పోయి హాయిగా పడుకుంటాడు.

అక్క కళ్ళు మూసుకొని ఉంది. కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

"దేంతోని వచ్చిందో వాళ్ళు ఇంక దేవులాడుతున్నరట. దొరికినప్పుడు దొరుకుతది. ఎందుకు ముదిరిందో నాకు ఎరుకే. నెత్తురు కనవడ్డ దినం నీకు చెప్దామని వాకిట్లకొచ్చిన. నువ్వు చెప్పులు ఇడిశి లోపలికి వస్తున్నవ్. నీ మొకం చూసి మళ్ళ లోపలికి పోయిన."

అంతే అంది. ఆ వార్డులో ఉన్న ఆడవాళ్ళంతా విన్నారు. బావ తెచ్చిన పండ్ల సంచి స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అక్క మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. రేడియేషన్ ఇచ్చారు, మా దగ్గర కరెంటు పెట్టడం అంటాం, మందులెక్కించారు. నస్పూర్‌లో నా క్వార్టరులోనే ఉంది. జుట్టంతా పోయింది, నాలుక మీద పుళ్ళు లేచాయి, అన్నం తింటే వాంతి. పోయినేడాది వానాకాలంలో, చిక్కి సగమై, నా ఒడిలో పోయింది. పోయే ముందు నీళ్ళడిగింది. తాగడానికే.

దినాలు బావ క్వార్టరు ముందే చేశారు. మొగుడు ఉండగా వేరే చోట చేయకూడదన్నారు. టెంటు వేశారు, వాడంతా వచ్చింది. నేను ఎవరితోనూ మాట్లాడకుండా వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. వదినె అక్కడికి వచ్చింది. నేను కొరికిన మచ్చ ఆమె చేతి మీద ఇంకా ఉంది. ఆమెను అక్కడే డ్రమ్ములో ముంచేద్దామా అన్నంత కసి లేచింది నాకు. ఆమె అటూ ఇటూ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు గూడ అయితాంది," అంది.

"ఏంది?"

"గదే. నెత్తురు. ముట్లు బందైనంక మళ్ళ వస్తాంది. పోయిన నెల సంది. ఎవ్వరికి చెప్పలే. నీకే చెప్తున్న."

నాకు ముందు వచ్చింది నవ్వు. చాలా చెడ్డ నవ్వు. ఎవని దగ్గర తెచ్చుకున్నవే అని అడుగుదామని నోరు తెరిచాను. టెంటు మధ్యకు వెళ్ళి అరిచి అందరికీ చెబుదామనుకున్నాను. కడుక్కో పో అనాలనుకున్నాను. అక్క పిండం పక్కనే ఉంది, అయ్యగారు మంత్రం చదువుతున్నాడు, కాకి కోసం అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు.

ఫెడీమని ఒకటి కొట్టాను. ఆమె కిందపడబోయింది. పడనివ్వకుండా రెక్క పట్టుకొని, టెంటు మధ్య నుంచి, వరసగా పరిచిన విస్తళ్ళ మీద నుంచి ఈడ్చుకెళ్ళాను. బావ "ఏమైందే?" అని లేచాడు. ఆటోలోకి తోసి, నేనూ ఎక్కి, దవాఖానకు పోనియ్ అన్నాను. దారంతా ఆమె ఏడుస్తూనే ఉంది. "నాకు గూడ పురుగులేనా? నాకు గూడ పురుగులేనా?" అని గొణుక్కుంటోంది.

"నోరు మూసుకొని కూసో," అన్నాను.

వదినె బతికింది. ఆమెది మొదట్లోనే దొరికింది. గర్భసంచి తీసేశారు, కరెంటు కూడా అవసరం పడలేదు. ఇప్పుడు మార్కెట్‌లో వంకాయలు బేరమాడుతూ కనపడుతుంది. ఆ గొంతు అలాగే ఉంది. నన్ను చూస్తే దండం పెడుతుంది. నేను పలకను. జుట్టు పట్టుకొని అక్కడే పడేసి తన్నాలని నాకు ఇప్పటికీ ఉంది. మా అక్క ఉండాల్సిన చోట అది ఉంది, నా చేతుల మీదుగానే ఉంది. ఉండనీ. పరీక్షకు వెళ్ళాల్సిన నెల వచ్చినప్పుడు మాత్రం నేనే ఫోన్ చేస్తాను. పోలేదంటే బూతులు తిడతాను. పోయేదాకా తిడుతూనే ఉంటాను.